చిప్పుల వ్యాపారంలో అసలు లెక్క తరుగే

రాగి కొన్న వర్తకుడికి ఒక ధైర్యం వుంటుంది. ధర పడిపోతే సరుకును గోడౌనులో వుంచి మంచి రోజు కోసం ఎదురు చూడవచ్చు. పదేళ్ళు నిలవ వుంచినా రాగి రాగిగానే వుంటుంది. మిర్చి కొన్నవారికి అంత వ్యవధి లేకపోయినా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి కొన్ని నెలలు ఆగే వీలున్నది. కృత్రిమ మేధను నడిపే చిప్పుల వ్యాపారంలో ఈ రెండు వీలులూ లేవు. ఆ సరుకు గోడౌనులో పడివున్నా, రేయింబవళ్ళు పనిచేస్తున్నా, ఏటికేడు విలువ కోల్పోతూనే వుంటుంది. ఈ ఒక్క సంగతిని పక్కనబెట్టి అమ్మకాల అంకెలు చూసి మురిసిపోవడం వర్తకులకు తగదు.

గిరాకీ బలంగా వున్న మాట నిజమే. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చిన దరిమిలా చిప్పులకు ఒక్కసారిగా తేజీ పట్టుకున్నది. అమెరికాలోని ఎన్‌విడియా కంపెనీ అమ్మకాలు 2023 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో సుమారు 2,700 కోట్ల డాలర్లు. 2025 జనవరితో ముగిసిన సంవత్సరంలో అవి 13,050 కోట్ల డాలర్లకు చేరాయి. రెండేళ్ళలో దాదాపు అయిదు రెట్లు.

సరఫరా అంత త్వరగా పెరిగేది కాదు. ఎన్‌విడియా చిప్పుకు నమూనా గీస్తుందే గాని తయారు చేయదు. ఆ పని ప్రధానంగా తైవాన్‌లోని టీఎస్ఎంసీది. అందుకు కావలసిన, అతి సన్నని గీతలను అచ్చువేసే యంత్రాలను నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ ఒక్కటే అమ్ముతున్నది. పక్కన పేర్చే ప్రత్యేక మెమరీ ప్రధానంగా ఎస్‌కే హైనిక్స్, శాంసంగ్, మైక్రాన్ అనే మూడు కంపెనీల నుంచి రావాలి. ఇన్ని చేతులు దాటి రావలసిన సరుకు గనుకనే 2023లో కొనుగోలుదారులు నెలల తరబడి వేచివుండవలసి వచ్చింది.

కొరత వున్నంతకాలం ధర నిలుస్తుంది. కాని ఈ సరుకుకు పోటీ బయటినుంచి కాక, తయారీదారు నుంచే వస్తున్నది. 2022 మార్చిలో ప్రకటించిన హెచ్100 చిప్పులో 8,000 కోట్ల ట్రాన్సిస్టర్లు వున్నాయి. రెండేళ్ళు తిరగకుండానే, 2024 మార్చిలో, అదే కంపెనీ బ్లాక్‌వెల్ అనే కొత్త రకాన్ని ప్రకటించింది. కొత్త చిప్పు అదే యూనిట్ కరెంటుకు ఎక్కువ పని చేస్తుంది. పాత చిప్పు చెడిపోకపోయినా, దాని కరెంటు బిల్లు తగ్గదు గనుక అద్దె తగ్గించక తప్పదు. 2025 జూన్‌లో అమెజాన్ హెచ్100 చిప్పులున్న యంత్రాల అద్దెను 44 శాతం వరకు తగ్గించింది. కొరత కాలంలో అద్దెలు మళ్ళీ పుంజుకోవచ్చు గాని, కొత్త రకం రాకను అవి ఆపలేవు.

ఇక జమాఖర్చుల సంగతి. ఉదాహరణకు 60 లక్షల రూపాయల యంత్రం మీద, ఖర్చులు పోను, ఏటా 18 లక్షలు మిగులుతున్నాయనుకుందాం. ఆయుర్దాయం 6 ఏళ్ళని రాస్తే తరుగు 10 లక్షలు, లాభం 8 లక్షలు. 4 ఏళ్ళని రాస్తే తరుగు 15 లక్షలు, లాభం 3 లక్షలు. 3 ఏళ్ళే అయితే 2 లక్షల నష్టం. యంత్రం అదే, రాబడి అదే. మారినది చిఠ్ఠాలోని ఒక్క అంకె మాత్రమే.

ఆ అంకె మీద పెద్ద కంపెనీలకే ఏకాభిప్రాయం లేదు. మెటా కంపెనీ 2025 జనవరి నుంచి తన సర్వర్లలో అధిక భాగానికి ఆయుర్దాయాన్ని అయిదున్నర ఏళ్ళకు పెంచింది. అదే నెల నుంచి అమెజాన్ కొన్ని సర్వర్ల ఆయుర్దాయాన్ని 6 ఏళ్ళ నుంచి 5 ఏళ్ళకు తగ్గించి, కృత్రిమ మేధ రంగంలో మార్పుల వేగమే కారణమని చెప్పింది. ఒకే బజారులోని ఇద్దరు పెద్ద వర్తకులు ఒకే రకం సరుకుకు ఇలా రెండు లెక్కలు కట్టినప్పుడు, షేర్లు కొనేవారు లాభం అంకెకు ముందు తరుగు అంకె చదవడం మంచిది.

పాత చిప్పులు వెంటనే మూలబడతాయనడమూ సరికాదు. 2020లో వచ్చిన ఎ100 రకం అయిదేళ్ళ తరువాత కూడా చిన్న పనులకు ఉపయోగపడుతూనే వున్నది. అయితే పని దొరకడం వేరు, పెట్టుబడికి తగిన అద్దె దొరకడం వేరు. లారీల యజమానులకు ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు.

అప్పు ఇచ్చేవారికి ఈ తేడా మరీ ముఖ్యం. 2023 ఆగస్టులో అమెరికాలోని కోర్‌వీవ్ కంపెనీ చిప్పులనే తాకట్టు చూపి 230 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకున్నది. సరుకు మీద అప్పు ఇవ్వడం కొత్త కాదు. కాని బాకీ తీరేలోగా తాకట్టు సగానికి సగం కరిగిపోయే సరుకు ఇది. 2025 జనవరి 27న, చైనాకు చెందిన డీప్‌సీక్ తక్కువ చిప్పులతో పని సాధించిందన్న వార్తకే ఎన్‌విడియా షేరు 17 శాతం పడి, ఒక్క రోజులో సుమారు 59,000 కోట్ల డాలర్ల విలువ ఆవిరైపోయింది.

ఇదంతా దూరపు బజారు ముచ్చట కాదు. 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖపట్నంలో అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్లు నెలకొల్పుతామని ప్రకటించింది. కేబుళ్ళు, ట్రాన్స్‌ఫార్మర్లు, సిమెంటు, ఇనుము, చల్లదనపు యంత్రాలు అమ్మేవారికి ఇటువంటి పనుల్లో మంచి బేరమున్నది. డేటా సెంటర్లు 2024లో ప్రపంచమంతటా సుమారు 41,500 కోట్ల యూనిట్ల కరెంటు వాడాయని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క. 2030 నాటికి అది 94,500 కోట్ల యూనిట్లు కావచ్చునని అంచనా. ఒక తరం చిప్పులు పోయి మరొక తరం వచ్చినా, కరెంటు తెచ్చే తీగ అక్కడే వుంటుంది.

ఏతావాతా తేలేదేమంటే, ఇటువంటి పనులకు సరుకు సరఫరా చేసేవారు చేసుకోవచ్చు. బాకీ గడువు మాత్రం కురచగా వుంచుకోవాలి. చిప్పుల మీద అప్పు ఇచ్చేవారు కొన్న ధర కాగితాన్ని కాక, అద్దె ఒప్పందం ఎన్నేళ్ళున్నదో, ఎవరితో వున్నదో చూడాలి. ఒప్పందం ముగిసిన మరునాటి నుంచి ఆ తాకట్టు విలువను సున్నాగా భావించి అప్పు ఇచ్చినవారే రాత్రి నిశ్చింతగా నిద్రపోగలరు.