ఒకే కోతకు రెండు పనులా?

మన సినిమా పాటల్లో నాయిక నడుము మీద ఖర్చయిన సిరా అంతా పోగేస్తే సాగర్ కుడికాలువ కింద ఒక తడికి సరిపోయేది. కెమెరాలు కూడా అంతే, చీర కుచ్చిళ్ళ దగ్గర కాసేపు ఆగనిదే ముందుకు కదలవు. చూసే మనకూ అభ్యంతరం లేదు, ఈలలు వేసింది మనమేగా! చిక్కల్లా ఏమిటంటే ఆ నడుము ఇప్పుడు హాలు దాటి మన ఇళ్ళలోకి వచ్చి కూర్చుంది.

ఈమధ్య చిలకలూరిపేట నుంచి మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. ముప్పై ఆరేళ్ళు, ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్లే. నెలసరిలో నెత్తురు ఎక్కువగా పోతోందని ఆసుపత్రికి వెళితే గర్భసంచి తీసేయాలన్నారట. ఆ వెంటనే ఇంకో మాట. "ఎలాగూ పొట్ట కోస్తున్నాం గదమ్మా, పనిలో పనిగా జారిన పొట్ట కూడా బిగించేస్తాం. ఒకే మత్తు, ఒకే మంచం, ఒకే ఖర్చు!" అక్క సంబరపడింది. "తమ్ముడూ, పత్రికల్లో రాస్తావుగా, కనుక్కుని చెప్పరా" అంది. నాకున్నది బి.ఏ. డిగ్రీ, డాక్టరు డిగ్రీ కాదు. అయినా అక్క అడిగాక తప్పుతుందా? తెలిసిన డాక్టర్ల చుట్టూ తిరిగాను.

ముందుగా ఒక మాట. రెండు ఆపరేషన్లూ కలిపి చేయడం వింతేమీ కాదు. అసలు వేలాడే పొట్టను కోసి తీసే ఆపరేషన్‌ను వైద్య పత్రికకెక్కించిన తొలి వాళ్ళలో ఒకాయన ఆడవాళ్ళ జబ్బుల డాక్టరే. పేరు హోవార్డ్ కెల్లీ, అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి. 1899లో ఒకామె పొట్ట నుంచి ఏడు కిలోలకు పైగా కొవ్వు, చర్మం తీశాడాయన. కాబట్టి ఈ చుట్టరికం పాతదే.

పొట్ట బిగింపు అనగానే సోకు అని నవ్వేవాళ్ళున్నారు. నాకది నచ్చదు. కాన్పుల్లో పొట్ట మధ్య కండరాలు విడిపోతాయి, చర్మం సాగిపోతుంది. సాగిన చర్మం ఎన్ని గుంజీలు తీసినా వెనక్కి పోదు. మన ఎండల్లో ఆ మడత కింద చెమట పట్టి, ఒరిసి పుండ్లు పడే ఆడవాళ్ళు ఎందరో. కొందరికి బొడ్డు దగ్గర హెర్నియా కూడా ఉంటుంది. ఆ మిగులు చర్మం కోసి, కండరాల్ని దగ్గరికి లాగి కుట్టేదే ఈ ఆపరేషన్. గొట్టం పెట్టి కొవ్వు పీల్చే లైపోసక్షన్ వేరు, ఇది వేరు.

మరి ఇబ్బంది ఎక్కడ? రెండు పనులంటే మత్తులో ఉండే గంటలు పెరుగుతాయి, పోయే నెత్తురూ పెరుగుతుంది. కండరాలు బిగించాక పొట్టలోపల ఒత్తిడి పెరుగుతుంది, మనిషి రోజుల తరబడి వంగి నడవాలి, ఎక్కువసేపు మంచం మీదే ఉండాలి. అలాంటప్పుడు కాలి సిరల్లో నెత్తురు గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే ప్రాణానికే ముప్పు. విడిగా చేసినప్పటికంటే కలిపి చేసినప్పుడు ఈ భయం ఎక్కువని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. లావుగా ఉన్నవాళ్ళకు మరీను. సుగరున్నవాళ్ళకు, పొగ తాగేవాళ్ళకు కుట్లు మానడం కూడా కష్టమే.

అయితే నన్ను కలవరపెట్టింది ఇది కాదు. "ఎలాగూ కోస్తున్నాం గదా" అన్నారే, ఆ "ఎలాగూ" ఎక్కడినుంచి వచ్చింది? అసలు గర్భసంచి తీయాల్సిన అవసరం ఉందా? మన రాష్ట్రంలో ఈ ప్రశ్న అడిగే తీరాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద వందకు మూడు పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది! మిర్చి కోతలకు, పత్తి తీతలకు పోయే మన ఊళ్ళలో ముప్పై అయిదుకే "నాకు సంచి తీసేశారు" అనే అమ్మలు కనబడటం ఎవరికీ వింత కాదు. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పని, క్యాన్సర్ వస్తుందేమోనన్న భయంతో, "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకా సంచి" అన్న మాటతో తీయించుకున్నవాళ్ళు వాళ్ళలో ఎందరో. తెల్లబట్ట చాలాసార్లు మందులకే తగ్గుతుంది. ఎక్కువ నెత్తురు పోయేదానికి మాత్రలున్నాయి, హార్మోను లూప్ ఉంది. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగే వయసు ముందే వచ్చి పడుతుంది, ఎముకలు గుల్లబారతాయి. బీహారు, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అక్కర్లేకుండా చేసిన ఈ ఆపరేషన్ల మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2023 ఏప్రిల్‌లో కోర్టు, కేంద్రం రాసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలులో పెట్టాలంది.

అలాంటి చోట పొట్ట బిగింపు ఎర అవుతుంది. సంచి తీయడానికి తటపటాయించే మనిషి కూడా నాజూకు నడుము అనేసరికి తలూపుతుంది. మా అక్క ఊపిందిగా!

ఈ నడుము మోజుకు సినిమావాళ్ళం అందరం కొంత బాధ్యులమే. ఇదే గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రి బొద్దుగా ఉంటే జనం నెత్తిన పెట్టుకున్నారు. ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలో చనిపోయినప్పుడు వయసు 31. కొన్ని వారాల ముందు కొవ్వు తీయించుకున్నారని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. అదే ఏడాది నవంబరులో అనుష్క లావెక్కి మరీ నటించిన 'సైజ్ జీరో' వచ్చింది. త్వరగా సన్నబరుస్తామనే దుకాణాల మీద తీసిన కథ. చూసినవాళ్ళు తక్కువ, పాపం.

అక్క సంగతి అడుగుతారేమో. గుంటూరులో మరో డాక్టరమ్మ స్కానింగు చూసి, ముందు మందులు వాడి చూద్దామంది. నెత్తురు పోవడం తగ్గింది, సంచి లోపలే ఉంది. పొట్ట మాత్రం అలాగే ఉంది, దాని మీద కోరికా అలాగే ఉంది. తప్పేం లేదు.

మీ ఇంట్లో అమ్మకో వదినకో ఇలాంటి మాట వస్తే, సంచి ఎందుకు తీస్తున్నారో రెండో డాక్టరు చేత కూడా చెప్పించండి. తీయక తప్పదని ఇద్దరూ అంటే అప్పుడు పొట్ట సంగతి. అది చేసేది ప్లాస్టిక్ సర్జనేనా, ఐ.సి.యు., రక్తం సిద్ధంగా ఉంటాయా, గడ్డకట్టకుండా ఏం చేస్తారు అని మొహమాటం లేకుండా అడగండి. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్ళు, బరువు పెరుగుతూ తగ్గుతూ ఉన్నవాళ్ళు ఆగడమే మేలు. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు బరువులెత్తకూడదు, పొట్టకు బెల్టు తీయకూడదు. పత్తి తీతలూ మిర్చి కోతలూ ముగిసేసరికి రోహిణి కార్తె దగ్గరపడుతుంది. రెంటచింతల ఎండలో ఆ బెల్టుతో ఎలా ఉంటుందో వదినగారినే అడగండి.