గోడకు ముందు రంగు కాదు, అడ్డుపొర

వానాకాలంలో గోడ అడుగున పెచ్చులూడటం మీరు చూసే ఉంటారు. "బేస్‌మెంటు ఇంకా ఎత్తు లేపాల్సింది" అంటారు పెద్దలు. ఎత్తు అవసరమే, చుట్టూ ఉన్న నేలకంటే కనీసం 45 సెంటీమీటర్లు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది. అది వాననీటిని గడప దాటనివ్వదు. కాని నేలలోని చెమ్మను ఎత్తు ఒక్కటే ఆపలేదు.

పళ్లెంలో నీళ్లు పోసి పొడి ఇటుకను నిలబెట్టి చూడండి. తడి పైకి పాకుతుంది. దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్లే ఇదీ కేశనాళికీయతే. నీటితోపాటు ఎక్కిన లవణాలు, గోడ ఆరినప్పుడు స్ఫటికాలై పూతను ఊడగొడతాయి.

అందుకే బేస్‌మెంటు మీద, గోడ మొదలయ్యే చోట, నీరు పీల్చని కాంక్రీటు పొరను సుమారు 4 సెంటీమీటర్ల మందాన తప్పక వేయాలి. కట్టేటప్పుడు ఇది చిన్న ఖర్చు; తరువాత వేయాలంటే గోడను కోయాలి. ఏటేటా రంగులు పూయడంకంటే, కనబడని ఈ పొరకే ముందు డబ్బు కేటాయించడం వివేకం.