కంప్యూటరుకూ కావాలి ఒక నో డ్యూస్

బదిలీ ఉత్తర్వు చేతికి రాగానే మన విద్యాలయాల్లో మొదలయ్యే పని నో డ్యూస్ ఫారం పట్టుకుని గది గదికీ తిరగడం. లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇచ్చామా, ల్యాబు సామాను లెక్క సరిపోయిందా, స్టాకు రిజిస్టరు, బీరువా తాళాలు, క్వార్టరు, ఆఖరికి ఆటల విభాగం నుంచి తీసుకున్న ఈల దాకా ప్రతిదానికీ ఎదురుగా ఒక సంతకం ఉంటుంది. స్టాఫ్ రూమ్ కంప్యూటరుకు మాత్రం సంతకం లేదు. “మీ ఈమెయిల్ అందులో తెరిచే ఉందా? బ్రౌజరు మీ పాస్‌వర్డు దాచుకుందా? డౌన్‌లోడ్స్ ఫోల్డరులో పిల్లల ఆధార్ కాపీలు మిగిలిపోయాయా?” అని అడిగేవారు లేరు. ఆ ఫారంలో ఈ ఒక్క వరుస కూడా చేర్చాలని మేము కోరుతున్నాం. పైసా ఖర్చు లేదు, పది నిమిషాల పని.

కంప్యూటరు భద్రత అనగానే చాలామంది “యాంటీవైరస్ వేయించాం కదా” అంటారు. విండోస్ 10, 11లలో డిఫెండర్ అనే యాంటీవైరస్ ముందే ఉంటుంది. దాన్ని ఆపకుండా ఉంచితే ఇంటికీ బడికీ దాదాపు సరిపోతుంది. కొనాల్సింది పెద్దగా లేదు, మారాల్సినవి అలవాట్లు. ఒకే కంప్యూటరును నలుగురూ వాడే చోట, మూడు నాలుగేళ్లకు మనుషులే మారిపోయే చోట ఆ అవసరం మరీ ఎక్కువ. మనవి అచ్చంగా అలాంటి బడులు.

అడ్మిషన్ల నెలలో ఆ డౌన్‌లోడ్స్ ఫోల్డరు ఒకసారి తెరిచి చూడండి. పుట్టిన తేదీ పత్రాలు, కుల ధ్రువీకరణ పత్రాలు, ఆధార్ కాపీలు, స్కాలర్‌షిప్పు కోసం పంపిన బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ, అమ్మానాన్నల ఫోన్ నంబర్లు, సైన్యంలో పనిచేసే తండ్రి యూనిట్ పేరుతో సహా బదిలీ ఉత్తర్వు. ప్రతి ఒక్కటీ ఏదో అవసరానికి దించుకున్నదే. ప్రింటు తీశాక అవసరం తీరింది, ఫైలు మాత్రం ఉండిపోయింది. మోసగాడికి పెద్ద విద్యలేమీ అక్కర్లేదు, ఈ ఒక్క ఫోల్డరు చాలు. పాప పేరు, తరగతి, సెక్షను, పుట్టినరోజు అన్నీ సరిగ్గా చెప్పి, “స్కాలర్‌షిప్పు వచ్చిందమ్మా, మీ ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పండి” అంటే ఏ తల్లి అనుమానిస్తుంది? 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే లెక్కించి, వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. అంటే దాదాపు మన బడి మొత్తం. కాబట్టి ప్రింటు తీయగానే ఫైలు తీసేయాలి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలి. బిన్‌లో వదిలేయడమంటే ఇల్లు ఊడ్చి చెత్త గుమ్మం పక్కనే పెట్టుకోవడం.

అందరూ ఒకే లాగిన్‌తో వాడటం ఇంకో సమస్య. విండోస్‌లో ఎవరి ఖాతా వారికి ఏర్పాటు చేయడం పావుగంట పని. అందులో అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఒక్కరి దగ్గరే ఉంచి, మిగతావన్నీ స్టాండర్డ్ ఖాతాలుగా పెడితే, పొరపాటున ఏదైనా నొక్కినా కంప్యూటరు మొత్తాన్ని మార్చేసే ప్రోగ్రాములు చాలావరకు పాస్‌వర్డు అడిగి ఆగిపోతాయి. సీట్లోంచి లేచేటప్పుడు విండోస్ మీట, ఎల్ అక్షరం కలిపి నొక్కితే తెరకు తాళం పడుతుంది. ఇది చేస్తే “మా మీద నమ్మకం లేదా మేడమ్?” అని నొచ్చుకునేవారు ప్రతి స్టాఫ్ రూమ్‌లోనూ ఒకరిద్దరు ఉంటారు. రాత్రి తలుపుకు గడియ పెట్టుకుంటే పక్కింటివాళ్లు నొచ్చుకుంటారా?

పెన్‌డ్రైవ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన పల్లెటూరి బడుల్లో ఇంటర్నెట్ కంటే ఎక్కువ తిరిగేది అదే. బడి గేటు ఎదుటి జిరాక్సు షాపు, అక్కడి నుంచి పరీక్షల గది, అక్కడి నుంచి ఇల్లు. ఒకరోజు తెరవగానే ఫోల్డర్లన్నీ మాయమై, అవే పేర్లతో షార్ట్‌కట్‌లు కనిపిస్తాయి, ఐకాన్ మూలన చిన్న బాణం గుర్తుతో. నిజానికి ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. వైరస్ వాటిని దాచిపెట్టి, అదే పేరుతో తన మనిషిని గుమ్మంలో నిలబెట్టింది. షార్ట్‌కట్ నొక్కితే ఫోల్డరు తెరుచుకుంటుంది, దానితోపాటు వైరస్ కూడా మన కంప్యూటరులోకి నడిచి వస్తుంది. ఫైళ్లు కనిపించాయి కాబట్టి మనకు అనుమానం రాదు. బాణం గుర్తు కనిపిస్తే దేన్నీ నొక్కకుండా డ్రైవ్ మీద కుడి బటన్ నొక్కి ముందు స్కాన్ చేయాలి, ఆ తర్వాత వ్యూలో హిడెన్ ఐటమ్స్ ఎంచుకుంటే అసలు ఫోల్డర్లు బయటపడతాయి. కంగారుపడి ఫార్మాట్ చేసేవాళ్లు పోకుండా ఉన్న ఫైళ్లను చేజేతులా పోగొట్టుకుంటారు. అన్నట్టు, జిరాక్సు షాపుకు ప్రశ్నపత్రాలన్నీ ఉన్న పెన్‌డ్రైవ్ తీసుకెళ్లడమెందుకు? ఆ ఒక్క ఫైలు వేసుకున్న ఖాళీ డ్రైవ్ చాలు.

ఇక తెలుగు చెప్పేవాళ్ల సొంత గోల ఒకటుంది. ఉత్తరాదిన ఏదో జిల్లాకు బదిలీ అయి వెళ్తే, ఆ బడి మొత్తంలో తెలుగు టైపు చేసేది ఒక్కరే. యూనిట్ టెస్టు పేపరు రేపటికల్లా ఇవ్వాలి, కంప్యూటరులో తెలుగు లేదు. అప్పుడు మిత్రులెవరో వాట్సాప్‌లో లింకు పంపుతారు: డీటీపీ వాళ్లు వాడే తెలుగు టైపింగు సాఫ్ట్‌వేరు, క్రాక్ చేసినది, ఉచితం. కింద ఒక సూచన కూడా ఉంటుంది, “ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయండి” అని. దొంగే వచ్చి కుక్కను కట్టేయమన్నట్టుంది. ఆ క్రాక్‌లో మనం నొక్కే ప్రతి మీటనూ రాసుకుని ఎవరికో పంపే ప్రోగ్రాము ఉందో లేదో మనకు తెలిసే దారి లేదు.

అసలు ఆ అవసరమే లేదు. విండోస్ సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి వెళ్లి తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వస్తుంది. 2019 నుంచి ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంది. అక్షరాల అందం కావాలంటే సిలికానాంధ్ర వెలువరించిన మండలి, రామభద్ర, సూరన్న వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, లైసెన్సు బెడద లేదు. యూనికోడ్‌లో రాసిన పేపరు తర్వాతి పోస్టింగులో ఏ కంప్యూటరులోనైనా తెలుగులాగే తెరుచుకుంటుంది. అక్షరాలు కొంచెం డీటీపీ సోకు తగ్గినా ఫర్వాలేదని మా ఉద్దేశం.

అప్‌డేట్ల సంగతి చెబితే చాలామంది ముఖం చిట్లిస్తారు. ఏడో పీరియడ్‌కు పరుగెత్తుతున్నప్పుడే అవి అడ్డొస్తాయి, నిజమే. కానీ 2017 మేలో వనాక్రై అనే వైరస్ 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్ ఆసుపత్రులు అల్లాడాయి, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. ల్యాబులో, ఇంట్లో ఇంకా నడుస్తున్న పాత కంప్యూటర్లను విండోస్ 11కు మార్చడం కుదరకపోతే సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ వంటివి వేసుకోవచ్చు. లేదా కనీసం వాటిలో బ్యాంకు పనులు, పిల్లల వివరాలు పెట్టకుండా ఉండాలి.

పాస్‌వర్డుకు బడి కోడు పక్కన 123 పెట్టడం, పిల్లవాడి పేరు పక్కన పుట్టిన సంవత్సరం పెట్టడం మనకు రివాజు. తెలుగువాళ్లు కొందరు తెలివిగా వేమన పద్య మకుటం పెడతారు. కోట్లమందికి కంఠతా వచ్చినది రహస్యమెలా అవుతుంది? పొంతన లేని నాలుగు తెలుగు మాటలు, గొడుగు, చింతకాయ, రైలుపెట్టె, మేనత్త ఇలా, ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాస్తే పొడవుగానూ ఉంటుంది, గుర్తూ ఉంటుంది. నెలనెలా పాస్‌వర్డు మార్చమనే పాత నియమం వల్ల జనం చివర అంకె పెంచి ఊరుకుంటారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017లో ఆ నియమం వద్దంది, బయటపడిందన్న అనుమానం ఉంటేనే మార్చమంది. ఈమెయిల్‌కు మాత్రం రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరిగా పెట్టుకోవాలి, ఎందుకంటే మిగతా ఖాతాల పాస్‌వర్డులన్నీ మార్చుకునేది ఆ ఈమెయిల్ ద్వారానే.

ముఖ్యమైన ఫైళ్లకు ఇంకో కాపీ ఒక బయటి డ్రైవ్‌లో ఉండాలి, ఆ డ్రైవ్ ఎప్పుడూ కంప్యూటరుకు తగిలించి ఉండకూడదు. తగిలించి ఉంటే వనాక్రై లాంటిది దానికీ తాళం వేస్తుంది.

ఇదంతా కంప్యూటర్ సార్ చూసుకోవాలి కదా అని అడగవచ్చు. చాలా బడుల్లో ఆయన ఒప్పందం మీద వచ్చి ఏడాది తిరిగేసరికి వెళ్లిపోయే మనిషి. పైగా మన ఈమెయిల్ లాగౌట్ చేయడం ఆయన చేతిలో లేదు. ఇంట్లో సైతం అంతే. పిల్లలు ఆటల కోసం ఏవేవో దించుకునే ల్యాప్‌టాప్‌లోనే అమ్మానాన్నలు బ్యాంకు ఖాతా తెరుస్తుంటే, పిల్లలకు వేరే స్టాండర్డ్ ఖాతా పెట్టాల్సింది పెద్దవాళ్లే. డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలని పిల్లలకూ చెప్పి ఉంచాలి. తిడతారన్న భయంతో వాళ్లు దాచిన ప్రతి గంటా డబ్బు చేతులు మారుతూనే ఉంటుంది.

ఇప్పటికే బదిలీ అయి వచ్చేసినవారు పాత ఊరికి వెళ్లనక్కర్లేదు. ఫోనులో గూగుల్ ఖాతా తెరిచి, సెక్యూరిటీ కింద యువర్ డివైసెస్ చూడండి. మన ఖాతా ఏయే పరికరాల్లో తెరిచి ఉందో, ఏ ఊరి దగ్గర, చివరిసారి ఎప్పుడు వాడారో కనిపిస్తుంది. మనం వదిలి వచ్చిన ఊరి పేరు అక్కడ కనిపిస్తే, దాని మీద నొక్కి సైన్ అవుట్ ఎంచుకోండి. ఆ వెంటనే పాస్‌వర్డు మార్చండి. ఈ పని ఈరోజే చేయవచ్చు, దానికి ఏ ఫారమూ అక్కర్లేదు.