టైరుకీ ఓ పుట్టినరోజుంది

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తే అమ్మేవాడు చెప్పే మొదటి మాట మీకూ తెలిసే ఉంటుంది. "డాక్టరు గారి బండి సార్, ఆదివారం తప్ప బయటికే తీయరు." మన దగ్గర ఇంతమంది డాక్టర్లు ఇన్ని కార్లు ఎప్పుడు కొన్నారో, ఎప్పుడు అమ్మేశారో ఆ దేవుడికే తెలియాలి. కానీ 2024లో నేను కొన్న చిన్న హ్యాచ్‌బ్యాక్ మాత్రం నిజంగానే అలాంటిది. 2013 మోడల్. మీటరు మీద 19,000 కిలోమీటర్లు. సీటు కవర్లు కూడా మాయలేదు. టైర్లైతే నల్లగా నిగనిగలాడుతున్నాయి, గాడులు లోతుగా ఉన్నాయి. "టైర్లు కూడా కొత్తవే అనుకోండి, ఇంకో మూడేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. నేనూ చూసుకోలేదు.

2025 మే నెల. సూర్యాపేటలో మా పిన్ని కూతురి పెళ్లి. ముందు సీట్లో అమ్మ, వెనక అక్క, అక్క కొడుకు చింటూ. ఎల్బీ నగర్ దాటి విజయవాడ హైవే ఎక్కేసరికే ఎండ చుర్రుమంటోంది. చౌటుప్పల్ దాటాక స్టీరింగు సన్నగా వణకడం మొదలైంది. 80 మీద వెళ్తుంటే వణుకు, 60కి దించితే మాయం. వీల్ బ్యాలెన్సింగ్ పోయి ఉంటుంది, తిరిగొచ్చాక చేయిద్దాం అనుకుని ఏసీ పెంచి పాటలు పెట్టాను. చిట్యాల దగ్గర చింటూకి వాంతి వచ్చేలా ఉందంటే ఆపాల్సి వచ్చింది. ఆ పిల్లాడి కడుపుకి ఇప్పటికీ దణ్ణం పెడుతుంటాను.

ఆపిన చోట టీ కొట్టు, పక్కనే పంక్చర్ షాపు. ఊరికే ఎందుకని గాలి చెక్ చేయమన్నాను. షాపు పెద్దాయన గేజి పక్కన పెట్టేసి, స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి తిప్పమని, ముందు ఎడమ టైరు లోపలి వైపు చెయ్యి పోనిచ్చాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని అక్కడే పెట్టించాడు. నిమ్మకాయంత ఉబ్బు. బయట నిలబడి చూస్తే ఎంత వంగినా కనపడని చోట.

"గీ టైరు మీద పోరగాన్ని కూసోబెట్టుకొని గంత దూరం పోతున్నవా బిడ్డా? ఇది ఏ సంవత్సరందో ఎరుకేనా నీకు?"

టైరు పక్కగోడ మీద పొడుగాటి అక్షరాల వరసలో చివర, చిన్న డబ్బాలాంటి గీతలో నాలుగు అంకెలు చూపించాడు. 3613. ఏదో బ్యాచ్ నంబరు అనుకున్నాను. కాదు. మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2013లో 36వ వారం, అంటే సెప్టెంబరు మొదట్లో తయారైన టైరు. కారుతో పాటు ఫ్యాక్టరీలో ఎక్కింది, మళ్లీ దిగలేదు. పన్నెండేళ్లు నిండటానికి ఇంకో నాలుగు నెలలే తక్కువ. దగ్గరగా చూస్తే పక్కగోడ మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు. షోరూమ్‌లో నిగనిగలాడింది టైరు కాదు, దాని మీద పూసిన పాలిష్.

సరే, స్టెప్నీ వేసేద్దాం అన్నాను. డిక్కీ తెరిచి చూస్తే స్టెప్నీ నిజంగా కొత్తది. ఒక్కసారి కూడా నేల తాకలేదు, రబ్బరు నూగు కూడా ఊడలేదు. దాని మీదా అదే నంబరు: 3613. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "పగుళ్లున్నయ్, ఉబ్బు లేదు. దీని మీద యాభై దాటకు. ఆడోళ్లను బస్సెక్కియ్యి."

అమ్మనీ అక్కనీ పట్టు చీరల్లో, మండుటెండలో, చింటూతో సహా సూర్యాపేట బస్సెక్కించాను. అమ్మ ఒక్క మాటా అనలేదు. అదే భయమేసింది. నేను యాభై మీద పాక్కుంటూ నల్లగొండ వెళ్లి రెండు టైర్లు వేయించుకుని పెళ్లికి చేరేసరికి వంటవాళ్లు గిన్నెలు కడుగుతున్నారు.

ఆ రోజు నుంచీ టైర్ల గురించి కనపడిందల్లా చదివాను. అందులో నా బుర్ర తిరిగిన సంగతి ఒకటుంది. "తక్కువ తిరిగిన బండి" అనేది ఇంజనుకి మంచి మాట కావచ్చు, టైరుకి మాత్రం కాదు. రబ్బరు గాలికీ ఎండకీ పాడవకుండా ఉండటానికి తయారీలోనే కొన్ని మైనాల్లాంటి పదార్థాలు కలుపుతారు. టైరు దొర్లుతూ వంగుతూ ఉంటేనే అవి లోపల్నుంచి పైకి వచ్చి పొరలా కాపాడతాయి. నెలల తరబడి ఒకేచోట నిలబెడితే ఆ పని సరిగ్గా జరగదు. పైన పగుళ్లు, లోపల ఉక్కు తీగల పొరలకీ రబ్బరుకీ మధ్య పట్టు సడలడం. గాడులు మాత్రం అలాగే ఉంటాయి, అరిగేంత తిరగలేదు కదా! కార్లకి గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని రూలు. ఆ పరీక్షలో నా టైర్లు డిస్టింక్షన్‌లో పాసవుతాయి. చాలా టైర్ల కంపెనీలు చెప్పేది ఏంటంటే, అయిదేళ్లు దాటాక ఏటా ఒకసారి తెలిసినవాళ్లతో చూపించండి, పదేళ్లు దాటితే ఎంత బాగా కనపడినా తీసేయండి అని. స్టెప్నీకీ అదే లెక్క.

ఉబ్బు సంగతి వేరు. అది వయసు వల్లే రానక్కర్లేదు, ఆరు నెలల టైరుకీ రావచ్చు. గుంతలోనో, రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్ మీదో గట్టిగా కొట్టుకున్నప్పుడు పక్కగోడలో ఉండే దారాలు తెగుతాయి. తెగిన చోట గాలి రబ్బర్ని బయటికి తోస్తుంది. దానికి రిపేరు లేదు. "ప్యాచ్ వేస్తా అన్నా" అనేవాడు దొరికితే వినకండి. పక్కగోడలో మేకు దిగినా అంతే, టైరు మార్చాల్సిందే. వానాకాలంలో హైదరాబాద్ రోడ్ల మీద తిరిగే ఎవరైనా నెలకోసారి లోపలి వైపు చెయ్యి పెట్టి తడిమి చూసుకోవడం మంచిది. బండి ఆపాక, చల్లారాక.

ఇక గాలి. ఎండాకాలం వస్తే "రెండు పాయింట్లు తగ్గించి కొట్టించు, లేకపోతే పేలుద్ది" అని సలహా ఇచ్చే బాబాయి ప్రతి ఇంట్లో ఒకడుంటాడు. మా ఇంట్లో మా మావయ్య. నేనూ ఆయన మాట విని మే నెలంతా 28 పెట్టుకుని తిరిగాను. ఇది పూర్తిగా తలకిందుల సలహా. గాలి తక్కువైతే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ ఎక్కువ వంగుతుంది. ఎక్కువ వంగితే ఎక్కువ వేడి. ఆ వేడే టైర్ని చంపేది. కంపెనీ చెప్పిన నంబర్లో, పరిగెత్తాక టైరు వేడెక్కి గాలి పెరుగుతుందన్న లెక్క ముందే కలిపి ఉంటుంది. ఆ నంబరు డ్రైవరు డోరు తెరిస్తే ఫ్రేము మీద స్టిక్కర్లో ఉంటుంది, కొన్ని బళ్లకి పెట్రోల్ మూత లోపల. అందులో మామూలు లోడుకి ఒకటి, నిండా మనుషులూ సామాన్లూ ఉంటే ఒకటి రాసి ఉంటుంది. టైరు మీద పెద్దక్షరాల్లో కనపడే మ్యాక్స్ ప్రెషర్ మాత్రం ఈ నంబరు కాదు, అది ఆ టైరు తట్టుకునే హద్దు.

కొలవాల్సింది చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున్నే ఇంటి దగ్గరున్న బంకులో. వంద కిలోమీటర్లు ఎండలో తోలి గేజి పెడితే ఎక్కువ చూపిస్తుంది. చూపిస్తోంది కదా అని తీసేశారో, మర్నాటి పొద్దుటికి మీ టైరు తక్కువ గాలితో ఉంటుంది. బంకులో కుర్రాడు అడక్కుండానే అన్ని బళ్లకీ ఒకే నంబరు కొట్టేస్తాడు, కాబట్టి మీ నంబరు మీరు చెప్పండి. నైట్రోజన్ కొట్టించాలా అని చాలామంది అడుగుతుంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఆ డబ్బులతో ఒక గేజి కొనుక్కోండి.

కొత్త టైర్లు కొనేటప్పుడు కూడా ఆ నాలుగంకెలు అడిగి చూడండి. బయట కనపడకపోతే లోపలి వైపు ఉంటాయి, పూర్తి నంబరు ఒక పక్కే అచ్చు వేస్తారు. భారీ డిస్కౌంటు ఇస్తున్నారంటే ఇంకోసారి చూడండి. రెండే కొంటే వెనక వేయించండి. నేను ముందు వేయించి తప్పు చేశాను. వాన రోడ్డు మీద ముందు టైరు జారితే వేగం తగ్గించి సర్దుకోవచ్చు, వెనక జారితే బండి బొంగరంలా తిరుగుతుంది. జీతం పడ్డాక మిగతా రెండూ మార్చేశాను కాబట్టి గొడవ తీరింది.

అన్నీ చూసుకున్నా హైవే మీద టైరు పేలిందనుకోండి. కాలు తనంతట తనే బ్రేకు మీదికి వెళ్తుంది. వెళ్లనివ్వకండి. స్టీరింగు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని బండిని తిన్నగా ఉంచాలి. యాక్సిలరేటరు మీంచి కాలు మెల్లగా తీసేయాలి. బండి దానంతటదే నెమ్మదించాక ఇండికేటరు వేసి పక్కకి తీసుకోవాలి. ఇది చదవడం తేలికే. ఆ అరక్షణంలో గుర్తు రావాలంటే ఖాళీ రోడ్డు మీద ఒకటి రెండుసార్లు మనసులో అనుకుంటూ తోలి చూడండి. నేను చూశాను, పక్కనున్న ఫ్రెండు నన్ను పిచ్చోడిలా చూశాడు.

అన్నట్టు, స్టెప్నీ అని మనం పిలిచే ఈ మాట ఓ వీధి పేరు. కార్లకి అదనపు చక్రమే ఉండని రోజుల్లో, 1904లో, బ్రిటన్‌లోని వేల్స్‌లో లనెథ్లీ అనే ఊళ్లో దీన్ని కనిపెట్టి అమ్మకం మొదలుపెట్టారు. అక్కడి స్టెప్నీ స్ట్రీట్ పేరే దీనికి అంటుకుంది. ఇక్కడ మెకానిక్కులు ఇంకో పేరుతో పిలవగా నేనైతే వినలేదు.

నా పాత స్టెప్నీ ఇప్పుడు అక్కా వాళ్లింట్లో వేపచెట్టుకి వేలాడుతోంది. చిట్యాల నుంచి నల్లగొండ దాకా తిరిగిన ఆ కొద్ది కిలోమీటర్లే దాని మొత్తం సర్వీసు. చింటూ దాని మీద ఊగుతుంటాడు. అమ్మేమో ఇప్పుడు క్యాబ్ ఎక్కాలన్నా ముందు టైరు దగ్గర వంగుతుంది. మొన్న ఒక డ్రైవర్ "ఏం పోయిందమ్మా, వెతకమంటారా?" అని దిగొచ్చాడు. అమ్మ కళ్లజోడు సర్దుకుని, "ఏం పోలేదు బాబూ, ఇది 22వ సంవత్సరంది, పదండి" అంది.