గులాబీ రిబ్బనుకు హిసాబు ఉందా?

ప్రతి యేడూ సెప్టెంబర్ ఆఖరి వారం నుంచే నా డెస్కు మీద గులాబీ రంగు పరుచుకుంటుంది. ప్రెస్‌నోట్లు, దావత్‌నామాలు, టోపీలు, టీషర్టులు, పిన్నుతో గుచ్చుకునే చిన్న చిన్న రిబ్బన్లు. నగల దుకాణం, చీరల షోరూం, బ్యూటీ పార్లర్, ఫ్లాట్లు అమ్మే బిల్డర్, అందరికీ అక్టోబర్ రాగానే రొమ్ము క్యాన్సర్ యాదికొస్తుంది. నేను ఫోన్ చేసి ఒక్క సవాల్ వేస్తాను: ఒక్కో సామాను మీద ఎంత పైకం, ఏ సంస్థకు, ఎప్పటిలోగా ఇస్తారు? ఎక్కువసార్లు వచ్చే జవాబు ఒకటే: "సార్, ఇది అవేర్‌నెస్ కోసం."

అఖ్బారు పనిలో ఇన్నేళ్లుగా నేను నేర్చుకున్న సబక్ ఇది. పైసల గురించి అడిగినప్పుడు జజ్బాత్ గురించి జవాబు వచ్చిందంటే, అక్కడ పైసల హిసాబు లేదు. హిసాబు లేనిదాన్ని నేను ఖైరాత్ అనను, తిజారత్ అంటాను. తిజారత్ హలాలే, అందులో తప్పు లేదు. కానీ తిజారత్ తన మొహానికి సదఖా నఖాబ్ వేసుకుంటే, ఆ నఖాబ్ లాగి చూసే హక్కు కొనేవాడికి ఉంది.

అసలీ రిబ్బను ఎక్కడ పుట్టిందో ముందు చూద్దాం. 1990ల మొదట్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో షార్లెట్ హేలీ అనే ఖాతూన్ ఉండేది. ఆమె నానీ, ఆమె చెల్లెలు, ఆమె బేటీ, ముగ్గురికీ ఈ మర్జ్ వచ్చింది. ఆమె ఇంట్లోనే కూర్చుని పీచ్ పండు రంగు రిబ్బన్లు కత్తిరించి, ఐదేసి చొప్పున ఒక కార్డుకు గుచ్చి పంచేది. ఆ కార్డు మీద దుఆలు లేవు, ధైర్యవచనాలూ లేవు. ఒక లెక్క ఉంది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ సాలీనా బడ్జెట్ 180 కోట్ల డాలర్లు, అందులో క్యాన్సర్ రాకుండా ఆపే పనికి పోతున్నది ఐదు శాతమే, మన చట్టసభల వాళ్లను నిద్ర లేపండి అని. అంటే ఆ రిబ్బను పుట్టుకే ఒక ముతాలబా. హుకూమత్ కాలర్ పట్టుకుని అడిగిన సవాల్.

1992లో ఒక ఫ్యాషన్, ఆరోగ్య పత్రికా, ఎస్టీ లాడర్ అనే సింగార సామాన్ల కంపెనీ ఆ రిబ్బనును వాడుకోవాలనుకున్నాయి. పత్రిక వాళ్లు ఆమెను అడిగారు. ఆమె ఇన్కార్ చేసింది, మీది వ్యాపారం అంది. వాళ్లు వకీళ్లను అడిగారు. రంగు మార్చుకుంటే చాలన్నారు వకీళ్లు. పీచ్ పోయి గులాబీ వచ్చింది. ఆ ఏడాదే కంపెనీ కౌంటర్లలో లక్షల కొద్దీ రిబ్బన్లు పంచారు. హేలీ కార్డు మీది లెక్క మాత్రం రాలేదు. సవాల్ తీసేసి సింగారం ఉంచారు. నా మొత్తం ఝగడా ఈ ఒక్క మార్పు మీదే.

ఆ తర్వాత ఏం జరిగిందో వినండి. 1990ల చివర అమెరికాలో యోప్లే పెరుగు కంపెనీ ఒక పథకం పెట్టింది. గులాబీ మూత కడిగి, పోస్టులో పంపితే, మూతకు కొన్ని సెంట్లు దానం. కడిగే చేతులు ఆడవాళ్లవి, పోస్టు ఖర్చు వాళ్లది, దాతగా పేరు కంపెనీది. 2010లో కేఎఫ్‌సీ వాళ్లు నూనెలో వేయించిన కోడి ముక్కల డబ్బాలకు గులాబీ రంగు వేసి, డబ్బాకు యాభై సెంట్లు సూసన్ కోమెన్ ఫౌండేషన్‌కు ఇచ్చారు. 2014లో బేకర్ హ్యూస్ అనే కంపెనీ చమురు, గ్యాసు బావులు తవ్వే డ్రిల్లు మొనలకు గులాబీ పూత పూసి, అదే ఫౌండేషన్‌కు లక్ష డాలర్లు ఇచ్చింది. భూమిలోకి రసాయనాలు దించే పనిముట్టుకు క్యాన్సర్ రిబ్బను రంగు! సారా సీసాలకూ ఆ రంగు అంటించారు. రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచేవాటిలో మద్యం ఒకటని డాక్టర్లు రుజువు చేసిన తర్వాత కూడా.

ఈ తమాషాను అడ్డుకున్నవాళ్లు కూడా అమెరికా ఆడవాళ్లే, చాలామంది ఆ మర్జ్‌తో బతుకుతున్నవాళ్లే. శాన్‌ఫ్రాన్సిస్కోలోని బ్రెస్ట్ క్యాన్సర్ యాక్షన్ అనే తంజీమ్ 2002లో "గులాబీ కొనేముందు ఆలోచించు" అని ముహిమ్ మొదలుపెట్టింది. మందుల కంపెనీల పైసలు, విషం వదిలే కంపెనీల పైసలు మాకొద్దని వాళ్లు ఉసూల్ పెట్టుకున్నారు. మందుల కంపెనీల మాట ఎందుకొచ్చిందంటే, అక్టోబర్‌ను అవేర్‌నెస్ మాసంగా 1985లో మొదలుపెట్టినవాళ్లలో అమెరికన్ క్యాన్సర్ సొసైటీతో పాటు ఒక మందుల కంపెనీ ఉంది. తర్వాత ఆస్ట్రాజెనెకాలో భాగమైన ఆ కంపెనీయే రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామాక్సిఫెన్ తయారుదారు. ఆ మందు చాలా ప్రాణాలు కాపాడింది, సచ్ చెప్పాలి. కానీ మందు అమ్మేవాడు రాసిన సబక్‌లో "ముందుగా కనిపెట్టండి" ఉంటుంది, "అసలు ఎందుకొస్తోంది" అన్నది చివరి పేజీకి పోతుంది.

ఇక మన ఇంటికి వద్దాం. గ్లోబోకాన్ 2022 అంచనా ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలో సుమారు 1,92,000 మంది ఆడవాళ్లకు కొత్తగా ఈ మర్జ్ వచ్చింది. సుమారు 98,000 మంది ఇంతెఖాల్ అయ్యారు. ఇద్దరికి మర్జ్ వస్తే ఒకరి జనాజా అన్నంత దగ్గరగా ఉన్నాయి ఈ రెండు అంకెలు. ఇంకో అంకె చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఎప్పుడైనా ఒక్కసారి రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లు 0.9 శాతం. వందమందిలో ఒక్కరు కూడా లేరు! ఇన్నేళ్ల గులాబీ అక్టోబర్‌ల తర్వాత!

మరి ఆ అవేర్‌నెస్ ఎవరికి పోయింది? మాల్‌లో అద్దాల తలుపు దాటి లోపలికి వెళ్లగలిగినవాళ్లకు. పాతబస్తీలో అద్దె ఇంట్లో జరీ పని చేసే ఆపాకు పోలేదు. కర్నూలులో బీడీలు చుట్టే ఖాలాకు పోలేదు. ఆమెకు గడ్డ తగలకపోలేదు, తగిలింది. నొప్పి లేదు కదా అని ఊరుకుంది. తర్వాత షర్మ్ అడ్డొచ్చింది. ఆ తర్వాత మగ డాక్టర్ అన్నారు. ఆ తర్వాత రంజాన్, బేటీ నిఖా. బస్సు కిరాయి, ఒక రోజు కూలి. ఇలా ఒక్కో నెలా జరిగి, దవాఖానా గడప తొక్కేసరికి మర్జ్ చంకలోకి, ఎముకల్లోకి పాకింది. ఉర్దూలో క్యాన్సర్‌ను సర్తాన్ అంటాం, అంటే పీత. తెలుగులో పాత తరం వాళ్లు రాచపుండు అనేవాళ్లు. రెండు జబాన్లు వచ్చిన నా ఖాన్‌దాన్‌లో ఈ రెండు మాటలూ ఎవరూ పైకి అనరు. "వో బీమారీ" అంటారు. పేరే పలకని మర్జ్‌కు రిబ్బను ఏం ఇలాజ్ చేస్తుంది?

పని జరిగే తీరు వేరు. ముంబైలో టాటా మెమోరియల్ దవాఖానా వాళ్లు 1998లో ఒక పరిశోధన మొదలుపెట్టారు. లక్షన్నర మంది బస్తీ ఆడవాళ్లను రెండు జమాత్‌లుగా చేశారు. ఒక జమాత్‌లో, తర్ఫీదు పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. పెద్ద మిషన్లు లేవు, పెద్ద డిగ్రీలు లేవు. 2021లో నతీజా బయటపెట్టారు. పరీక్ష జరిగిన జమాత్‌లో మర్జ్ ముందు దశలోనే దొరికింది. యాభై దాటిన ఆడవాళ్లలో ఈ మర్జ్‌తో చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభైలోపు వాళ్లలో చావులు తగ్గినట్టు తేలలేదు, అది కూడా దాచకుండా రాశారు. దీన్ని నేను హిసాబు అంటాను. ఎంతమంది, ఎన్నేళ్లు, ఏం చేశాం, ఎక్కడ ఫాయిదా, ఎక్కడ లేదు.

నాకు వచ్చే ఎత్రాజ్ తెలుసు. "భాయ్, ఏదో ఒకటి ఇస్తున్నారు కదా, అదీ లేకపోతే ఎట్లా?" అంటారు. నా జవాబు: మనిషి దానం చేసే మనసు బావిలో నీళ్లలాంటిది కాదు, తోడినకొద్దీ ఊరదు. గులాబీ డబ్బా కొన్నవాడు తన వంతు అయిపోయిందనుకుని ఇంటికి పోతాడు. వెయ్యి రూపాయల కుర్తీ కొని పది రూపాయలు దానం చేసినట్టు సంతోషపడతాడు. ఆ వెయ్యిలో వంద నేరుగా మరీజ్‌కు ఇస్తే పదింతలు. ఇంకో మాట. మన దేశంలో 2013 కంపెనీల చట్టం ప్రకారం, ఒక హద్దు దాటిన పెద్ద కంపెనీలు తమ లాభంలో రెండు శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టి తీరాలి. చట్టం అడిగింది ఇచ్చి, దాన్నే మన కొనుగోలు వల్ల పుట్టిన మెహర్‌బానీలా చూపిస్తే ఊరుకుందామా?

ఇలాజ్ అయి, బతికి బయటపడిన ఒక ఆపా తన దుపట్టాకు ఆ రిబ్బను పెట్టుకుంటే నేను సలాం చేస్తాను. అది ఆమె హక్కు, ఆమె హిమ్మత్. నా ఝగడా ఆమెతో లేదు, ఆమె హిమ్మత్‌ను బిల్లు మీద అచ్చేసి అమ్మేవాడితో. పైగా ఆ ప్రకటనల్లో గెలిచినవాళ్ల నవ్వులే కనిపిస్తాయి. నాలుగో దశలో ఉన్న తల్లి ఫోటో ఎవరూ వేయరు. ఆమె ఓడిపోయిందా? ఆమెకు దక్కాల్సింది నొప్పి తగ్గించే మార్ఫిన్ మాత్ర, పక్కన కూర్చునే మనిషి. గులాబీ బజార్‌లో ఆ రెండూ దొరకవు.

రంగు వేసుకున్న ప్రతి సంస్థా అమానత్‌దార్ కాదు. 2015లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, యాభై రాష్ట్రాలూ కలిసి నాలుగు క్యాన్సర్ సంస్థల మీద దావా వేశాయి. అందులో ఒకటి రొమ్ము క్యాన్సర్ పేరు పెట్టుకున్నదే. 2008 నుంచి 2012 దాకా దాతల నుంచి వసూలైంది 18.7 కోట్ల డాలర్లు. ఎక్కువ భాగం చందాలు వసూలు చేసే ఏజెంట్లకూ, సంస్థ నడిపేవాళ్ల కార్లకూ, విహార యాత్రలకూ పోయిందని దావా. అంత పహారా ఉన్న దేశంలోనే అది జరిగితే, వాట్సాప్‌లో వచ్చిన క్యూఆర్ కోడ్‌ను మనం ఏ భరోసాతో స్కాన్ చేస్తున్నాం?

కాబట్టి పైసలు తీసే ముందు అడగండి. అడగడం బద్‌గుమానీ కాదు, అమానత్ పట్ల జిమ్మేదారీ.

ఒకటి, కంపెనీ సామాను అయితే: ఒక్కోదాని మీద ఎన్ని రూపాయలు, ఏ సంస్థకు? "లాభంలో కొంత" అన్నది జవాబు కాదు. దానానికి గరిష్ఠ హద్దు పెట్టారా? హద్దు నిండాక కూడా రిబ్బనుతో అమ్ముతున్నారా?

రెండు, ఆ సామానే క్యాన్సర్ ముప్పు పెంచేదా?

మూడు, సంస్థ అయితే: 12ఎ, 80జి రిజిస్ట్రేషన్ ఉందా? ఆడిట్ అయిన లెక్కలు చూపిస్తారా? నిరుడు వచ్చిన పైకంలో మరీజ్‌ల దాకా ఎంత చేరింది?

నాలుగు, అవేర్‌నెస్ అంటే ఏం చేశారు? ఎంతమందిని పరీక్షించారు, గడ్డ దొరికినవాళ్లలో ఎంతమందికి బయాప్సీ, ఇలాజ్ పూర్తయ్యేదాకా తోడున్నారు? క్యాంపులో గడ్డ ఉందని చెప్పి చేతికి కరపత్రం ఇచ్చి పంపడం సేవ కాదు, జుల్మ్.

ఐదు, ఒక్క మరీజ్ పేరు మీద చందా అయితే, పైసలు దవాఖానా ఖాతాలోకి కట్టండి. దవాఖానాకు ఫోన్ చేసి పేరు రూఢి చేసుకోండి.

జకాత్ సంగతి ఇంకా నాజూకు. సూరా తౌబాలో దాని హక్దార్లు ఎనిమిది రకాలని ఉంది. హనఫీ ఫిఖ్హ్‌లో ఆ పైకం ముస్తహిఖ్ చేతికి, ఆమె సొంతానికి చేరాలి. నడక పోటీలకు, టీషర్టులకు, స్టేజీ లైట్లకు జకాత్ పోదు. పేద మరీజ్ కీమో ఖర్చుకు ఎలా చేర్చాలో మీ ముఫ్తీ సాబ్‌ను అడగండి. ఈ సవాళ్లు మన సొంత ట్రస్టులకూ, మస్జిద్ కమిటీలకూ వర్తిస్తాయి. కుట్టు మిషను ఇస్తూ పదిమంది కలిసి ఫోటో దిగే మన దిఖావా కూడా గులాబీ రిబ్బనుకు చుట్టమే.

ఎక్కడ ఇవ్వాలంటే, హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో 1955లో మొదలైన, మెహదీ నవాజ్ జంగ్ పేరున్న సర్కారీ క్యాన్సర్ దవాఖానా ఉంది. ఎంఎన్‌జే అంటే అందరికీ తెలుసు. జిల్లాల నుంచి వచ్చే గరీబ్ మరీజ్‌లకు అదే ఆసరా. ఆరోగ్యశ్రీ ఆపరేషన్ బిల్లు కట్టొచ్చు. మరీజ్ వెంట వచ్చిన బేటా తిండి, రాకపోకల కిరాయి, పోయిన కూలి ఎవరు కడతారు? కీమో మధ్యలో ఆగిపోవడానికి ఈ చిన్న పైసలే కారణమవుతాయి. అక్కడికి వెళ్లి, వైద్య సామాజిక కార్యకర్తను అడిగి, ఒక ఖాతూన్ ఇలాజ్ పూర్తయ్యేదాకా కిరాయి మీ ఖాన్‌దాన్ తీసుకోండి. ఆఖరి దశ వాళ్ల నొప్పిని చూసే పాలియేటివ్ కేర్ సంస్థలకూ, ముఫ్త్‌గా నడిచే హాస్పిస్‌లకూ ఇవ్వండి. వాటికి స్పాన్సర్లు తక్కువ, ఎందుకంటే అక్కడ ఫోటోలో నవ్వు ఉండదు.

పైసలు లేనివాళ్లకూ పని ఉంది. సర్కారు 2016 నుంచి పెట్టుకున్న నియమం ప్రకారం, 30 దాటిన ఆడవాళ్లకు ఐదేళ్లకోసారి ఆరోగ్య కార్యకర్త చేత రొమ్ము పరీక్ష జరగాలి. మీ బస్తీ దవాఖానాకు పది మంది ఆపాలు కలిసి వెళ్లి, మా పరీక్ష ఏదీ, చేసే మహిళా కార్యకర్త ఏదీ అని అడగండి. షార్లెట్ హేలీ అడిగిన సవాల్ కూడా అదే కదా. నొప్పి లేని గడ్డ, చంకలో గడ్డ, చర్మం లోపలికి లాగినట్టు సొట్ట, చనుమొన లోపలికి పోవడం, దాన్నుంచి నెత్తురు, ఇందులో ఏ ఒక్కటి కనిపించినా ఆ వారంలోనే డాక్టర్ దగ్గరికి. అన్ని గడ్డలూ క్యాన్సర్ కావు, కానీ తేల్చాల్సింది డాక్టర్, పక్కింటి ఫూఫీ కాదు. భాయిజాన్, మీ బీవీ, మీ అమ్మీ ఈ మాట చెప్పడానికి సిగ్గుపడుతున్నారేమో, ముందు మీరే అడగండి. అందులో బేహయాయీ ఏమీ లేదు.

వచ్చే అక్టోబర్‌లో దుకాణంలో మీ చేతికి గులాబీ రిబ్బను ఇస్తారు. తీసుకోండి. తీసుకుని, కౌంటర్ దగ్గరే నిలబడి, వెనక లైన్ పెరిగినా సరే, నెమ్మదిగా అడగండి: "దీని రసీదు చూపిస్తారా?"