దొనకొండ విమానరంగము నేర్పు పాఠము

చరిత్ర యనగానే మన పాఠశాలలలో కోటలు, శాసనములు, రాజవంశములు జ్ఞప్తికి వచ్చును. కాని గుంటూరు-గుంతకల్లు రైలుమార్గమున, మార్కాపురమునకు తూర్పుగా నున్న దొనకొండలో, ఏ రాజును కట్టింపని చరిత్ర యొకటి నేలమీద పరచుకొనియున్నది. అది రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆంగ్ల ప్రభుత్వము నిర్మించిన విమానరంగము. యుద్ధము ముగిసినది, విమానములు వెడలిపోయినవి, ప్రయాణికుల విమానాశ్రయముగా నది ఎదుగలేదు. దాదాపు అదే కాలమున పుట్టిన మరికొన్ని విమానరంగములు పెద్ద విమానాశ్రయములు కాగా, ఇది యొక్కటియే ఏల వెనుకబడినది? ఈ ప్రశ్నకు సమాధానము పశ్చిమ ప్రకాశపు వారికి మిక్కిలి అవసరము.

దక్షిణదేశమున క్రమబద్ధమైన విమానయానము యుద్ధముతో మొదలైనది కాదు, ఉత్తరములతో మొదలైనది. 1932 అక్టోబరు 15వ తేదీన కరాచీలో బయలుదేరిన టాటావారి తపాలా విమానము అహమ్మదాబాదు, బొంబాయి, బళ్ళారి మీదుగా మద్రాసు చేరవలసియుండెను. బొంబాయి వరకు జె. ఆర్. డి. టాటా, అక్కడినుండి మద్రాసు వరకు నెవిల్ విన్సెంటు దానిని నడపిరి. ఆనాడు బళ్ళారి మజిలీ యగుటకు కారణము తపాలా ప్రయాణపు అక్కరయే.

హైదరాబాదు కథయు నిట్టిదే. బేగంపేటలో 1930 తరువాతి దశకమున విమానరంగము వెలసినది. ఏరో క్లబ్బు ఏర్పడి విమానము నడుపుట నేర్పినది. 1945లో నిజాము ప్రభుత్వమును, టాటావారును కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ సంస్థను స్థాపించిరి. 1953లో అది జాతీయమై ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసినది. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరువబడువరకు హైదరాబాదు ప్రయాణికులకు బేగంపేటయే ఆకాశద్వారము. అక్కడ రన్‌వే ఒక్కటియే లేదు. నేర్చువారు, నేర్పువారు, నడపు సంస్థ, ఎక్కువారు, వీరందరు నుండిరి.

ఇక దొనకొండ కాలమును చూడుడు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు వేసెను. ఆ నెలలోనే మద్రాసు నగరమునుండి జనులు మూటముల్లెలతో లోపలి ఊళ్ళకు తరలిపోయిరి. తూర్పుతీరమంతయు భయము క్రమ్మిన యాయుద్ధకాలమున పుట్టిన విమానరంగము దొనకొండది. పలకలు చేయువాని కొరకు గాని, మెట్టపైరు పండించు రైతు కొరకు గాని అది పుట్టలేదు. అక్కర తీరినంతనే కట్టినవాడు విడిచిపోయెను.

గన్నవరమును యుద్ధకాలపు సైనిక విమానరంగమే కదా యని యెవరైన అడుగవచ్చును. నిజమే. కాని దానిచెంత విజయవాడ యున్నది; పెద్ద రైల్వే కూడలి యున్నది; కృష్ణా డెల్టా వర్తకమున్నది. సైన్యము విడిచిన దానిని నగరము అందుకొన్నది. 2017లో దానికి అంతర్జాతీయ విమానాశ్రయపు హోదా గూడ లభించినది. దొనకొండను అందుకొనుటకు చేరువలో అట్టి నగరము లేకపోయెను. దోషము నేలది కాదు, ప్రజలది కాదు. ప్రయోజనము వేరొకరిదగుటయే దోషము.

ఈ మాటకు సాక్ష్యము దూరమున వెదుకనక్కరలేదు. అదే రైలుమార్గమున పడమరగా పోయిన కంభము వచ్చును. అక్కడి చెరువు 16వ శతాబ్దమునాటిదని, విజయనగర రాణి వరదరాజమ్మ కట్టించినదని ప్రసిద్ధి. గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసిన ఆ చెరువు నిన్నమొన్నటి కట్టడములు శిథిలమగుచున్నను నిలిచియున్నది. ఏలయన దాని నీటితో అచటి పొలము పండినది. ఆ రైలుమార్గమే మరియొక సాక్ష్యము. 1876-78 నాటి ఘోరమైన కరవు తరువాత, కరవుసీమలకు ధాన్యము చేర్చు నుద్దేశముతో వేసిన దారి యది. మీటరు గేజి పోయి బ్రాడ్ గేజి వచ్చినది. దారి మాత్రము పోలేదు. పొగబండ్ల కాలమున దొనకొండకు పేరు తెచ్చిన ఇంజనుల షెడ్డు ఆ మార్గపు బిడ్డయే.

2014లో రాష్ట్ర విభజన జరిగినపుడు నూతన రాజధానికి తగిన స్థలములలో దొనకొండ పేరును వినవచ్చినది. విమానరంగమును పునరుద్ధరింపవలెనను కోరిక అప్పుడప్పుడు తలయెత్తుచునే యున్నది. ఆ కోరిక తప్పు కాదు. వెనుకబడిన సీమ ఆకాశమువైపు చూడరాదని యెవరు శాసింతురు? విమానాశ్రయము వచ్చినచో పరిశ్రమలు తామే వచ్చుననువారి మాటలోను కొంత సత్యము లేకపోలేదు. కాని “ఒకప్పుడు ఇచ్చట విమానములు దిగెను” అనుట హేతువు కాజాలదు. మార్కాపురపు పలక బరువైనది. రైలును, ఓడను ఎక్కును గాని విమానమెక్కదు. మరి ఎక్కున దేది? ఎక్కువా రెవరు? గిద్దలూరు, కంభము, కనిగిరి ప్రాంతముల రైతుకు మొదట కావలసినది నీరా, దారియా, ఆసుపత్రియా? ఈ లెక్క తేల్చి అడిగినచో కోరికకు బలము వచ్చును. లేనిచో రెండవమారు గూడ ఇతరుల యవసరమునకై నేల నిచ్చి, వారు పోయిన పిదప గడ్డిని చూచుకొనవలసివచ్చును.

ఇందు ఉపాధ్యాయుల బాధ్యత పెద్దది. 1942లో పదేండ్ల బాలురైనవారు నేడు తొంబదియేండ్లు దాటినవారు. ఆ విమానరంగము కట్టినపుడు రాళ్ళు మోసినదెవరు, కూలి యెంత, ఎవరి పొలములు పోయెను అను విషయములు పుస్తకములకంటె వారి నోటనే యుండును. వారు పోయినచో ఆ చరిత్రయు పోవును. ఒక తరగతి విద్యార్థులు ఒక వేసవి సెలవులలో పలకా బలపమునకు బదులు కాగితము, కలము పట్టి ఆ యూళ్ళు తిరిగిన చాలును. తమ నేలమీద జరిగినదేమో తెలిసిన బాలుడు రేపు పౌరుడై, తన నేలకు కావలసినదేమో ధైర్యముతో అడుగగలడు.