సముద్రదుర్గాలు – అంగడి కిరీటం

థేమ్స్ ముఖద్వారం చుట్టుపట్ల నీటిలో కాళ్ళూని నిలిచిన యుద్ధకాలపు దుర్గాలను గూర్చి ఎవరు వ్రాసినా సీలాండ్‌తో మొదలై సీలాండ్‌తోనే ముగుస్తుంది. ప్యాడీ రాయ్ బేట్స్ 1967లో రఫ్స్ టవర్‌ను స్వతంత్ర దేశమన్నాడట, దానికొక జెండా అట, బిరుదులు కూడా అమ్ముతారట! రూకలిచ్చి కొనుక్కునే ప్రభుత్వానికి ఇంత మురిపెం దేనికండీ?

గై మాన్సెల్ రూపకల్పన చేసిన ఈ కట్టడాలు 1942-43లో వెలసినవి. నౌకాదళపు దుర్గాలలో సైనికులు బోలు కాంక్రీటు స్తంభాల లోపల, నీటిమట్టానికి దిగువన సైతం కాపురమున్నారు. పదాతిసైన్యపు దుర్గాలైతే ఏడేసి బురుజులు, నడుమ నడకవంతెనలు. థేమ్స్ దుర్గాలు కూల్చినవి 22 విమానాలు, సుమారు 30 ఎగిరే బాంబులు. అవన్నీ లండన్ చేరి ఉంటే?

ఇంత చేసినవాటికి దక్కినదేమిటి? 1953లో ఓడ ఢీకొని నోర్ దుర్గంలో రెండు బురుజులు కూలి నలుగురు మరణించారు. సంక్ హెడ్‌ను 1967లో ప్రభుత్వమే పేల్చివేసింది, మరొక బేట్స్ ఎక్కి కూర్చోకుండా! (ఒకని చేష్టకు కట్టడానికి శిక్ష!) రెడ్ శాండ్స్ తుప్పు పట్టి నిలిచి ఉన్నది.

వ్రాసే మిత్రులు ముందుగా ఆ ఫిరంగుల వెనుక నిలిచినవారిని, ఆ నలుగురిని తలచుకోండి. తరువాత రాకుమారుల కథ చెప్పండి, వింటాను.